రేవును కాచిన రాజు : ఎనిమిదవ హెన్రీ

ఎనిమిదవ హెన్రీ యనగానే మన విద్యార్థులకు ముందుగా స్ఫురించునది అతని యార్గురు భార్యల కథ. ఇద్దఱి శిరస్సులు ఖండింపబడెననియు, ఇద్దఱు పరిత్యక్తలైరనియు, ఒకతె పురిటిలో కన్నుమూసెననియు, ఒకతె మాత్రము రాజునకు తరువాత బ్రదికియుండెననియు పరీక్షలో గుక్క త్రిప్పుకొనకుండ వ్రాయుదురు. వ్రాసినది తప్పు కాదు. కాని యా రాజు జీవితమున అంతఃపురమునకు వెలుపల నడచిన కథ మఱియొకటి కలదు. ఇంగ్లండు దక్షిణతీరము పొడవున, సముద్రపు టొడ్డున, పొట్టిగా బలిసిన రాతికోటలు అనేకము నేటికిని నిలిచియున్నవి. వాని గోడలలో ఆ రాజు భయము, పట్టుదల, దూరదృష్టి, ప్రజల చెమట, మఠముల సొమ్ము అన్నియు కలిసియున్నవి. ఆ కోటల వెంబడి నడచి చూచినచో హెన్రీ చరిత్రము వేఱొక రూపమున గోచరించును.

మన నీతిశాస్త్రములు రాజ్యమునకు ఏడంగములు చెప్పినవి. స్వామి, అమాత్యుడు, సుహృత్తు, కోశము, రాష్ట్రము, దుర్గము, బలము అనునవి యవి. ఏడింటిలో ఒకటి లోపించినపుడు తక్కినవి దాని బరువును గూడ మోయవలసివచ్చును. హెన్రీకి సుహృత్తు కఱవైన దినములు వచ్చినవి. ఆ లోటును అతడు దుర్గముతో పూడ్చజూచెను. అతడు సింహాసన మెక్కినది 1509వ సంవత్సరము. మన శ్రీకృష్ణదేవరాయలు విజయనగర రాజ్యభారము వహించినదియు ఆ సంవత్సరముననే యగుట తెలుగువారు గుర్తుంచుకొనదగిన కాలసామ్యము. రేవులను బాగుచేసి వర్తకమును పెంపొందింపవలెనని రాయలు ఆముక్తమాల్యదలో రాజులకు నీతి గఱపెను. కొన్ని యేండ్లకు హెన్రీకి ఆ రేవులను దక్కించుకొనుటయే ప్రాణసంకటమయ్యెను.

హెన్రీ 1491 జూన్ 28వ తేదీన గ్రీనిచ్ రాజభవనమున జన్మించెను. తండ్రి ఏడవ హెన్రీ, తల్లి యార్కు వంశమునకు చెందిన ఎలిజబెత్తు. ఇతడు రెండవ కుమారుడు; రాజ్యమునకు వారసుడు అన్న ఆర్థరు. ఆ ఆర్థరు స్పెయిను రాజకుమార్తెయైన కేథరినును పెండ్లియాడిన కొలది మాసములకే, 1502 ఏప్రిలులో, పదునైదేండ్ల ప్రాయమున మరణించెను. 1509 ఏప్రిలులో తండ్రియు గతించెను. పదునెనిమిదేండ్లు నిండకమున్నే హెన్రీ రాజయ్యెను. పోపు పూర్వమొసగిన అనుమతిని బట్టి, ఆ జూన్ మాసమున అతడు వదినెయైన కేథరినునే వివాహమాడెను. ఆ యనుమతి చెల్లునా చెల్లదా యను ప్రశ్న ఇరువదేండ్ల తరువాత యూరపు ఖండమునే కలచివైచునని నాడెవరును తలంపలేదు.

యౌవనమున హెన్రీ చూడముచ్చటైన పురుషుడు. ఆఱడుగులకు మించిన పొడవు, గుఱ్ఱపుస్వారిలో నేర్పు, వేటలో ఉత్సాహము, సంగీతమున ప్రవేశము, లాటిను ఫ్రెంచి భాషలలో పాండిత్యము గలవాడు. అన్నింటికి మించి ఓడలనిన, ఫిరంగులనిన అతనికి పసివాని కుతూహలము. తండ్రి యతనికి విడిచిపోయిన యుద్ధనౌకలు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. హెన్రీ మరణించునాటికి అవి యించుమించు 50 అయ్యెను. 1514లో అతడు నావికులను, నౌకామార్గదర్శకులను ఒక సంఘముగా కూర్చి శాసన మొసగెను. ట్రినిటీ హౌస్ అను ఆ సంస్థ నేటికిని ఆ తీరములలో దీపస్తంభములను నిర్వహించుచున్నది.

పోర్ట్స్‌మత్ రేవు అతని నౌకాబలమునకు పట్టుగొమ్మ. ఆ రేవు ప్రకృతి ప్రసాదించిన వరమని చెప్పవచ్చును. ముఖద్వారము ఇఱుకు, లోపల అలలు తగులని విశాలమైన జలాశయము. ఎదుట వైట్ ద్వీపము పెట్టని కోటవలె అడ్డుగా నిలిచియున్నది. ద్వీపమునకును తీరమునకును నడుమ సోలెంటు జలసంధి. పదునైదవ శతాబ్దిలోనే ముఖద్వారమున ఒక గుండ్రని బురుజు వెలసెను. ఏడవ హెన్రీ 1494లో దాని చేరువ చదరపు బురుజొకటి కట్టించి, మఱుసటి యేట, నీరు తోడివేసి ఓడలను మరమ్మతు చేయుటకు వలసిన గోదీని నిర్మింపజేసెను. ఇంగ్లండులో అట్టి గోదీ అదియే మొదటిది. ద్వారమునకు అడ్డముగా ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు బరువైన ఇనుపగొలుసు నుంచి, శత్రునౌకలు వచ్చునపుడు రాట్నములతో దానిని పైకి లాగి బిగించెడివారు. ఈ రేవుననే 1510, 1511 సంవత్సరములలో మేరీ రోజ్ అను యుద్ధనౌక తయారయ్యెను. దానిపై రాజునకు మిక్కిలి మక్కువ.

1513లో హెన్రీ స్వయముగా సైన్యముతో ఫ్రాన్సు దేశమున దిగి, థెరువాన్, తూర్నే పట్టణములను పట్టుకొనెను. కీర్తి కొంత లభించెను. తండ్రి పొదుపుగా కూడబెట్టిన ధనము చాలభాగము కరగిపోయెను. విజయము కంటె వ్యయము ఎక్కువైన యుద్ధమది. యుద్ధవ్యామోహము మాత్రము అతనిని చివరిదాక విడువలేదు.

అంతలో గృహచ్ఛిద్రము తల యెత్తెను. కేథరినుకు కలిగిన బిడ్డలలో మేరీ యను కుమార్తె తప్ప తక్కినవారు దక్కలేదు. తన తండ్రి యుద్ధము చేసి సంపాదించిన సింహాసనము కుమారుడు లేమిచే మరల కలహములపాలగునని హెన్రీకి బెంగ పట్టుకొనెను. అన్నభార్యను పెండ్లియాడినందులకు దైవము తన్ను శిక్షించుచున్నాడని తలపోసి, వివాహమును రద్దు చేయుమని పోపును కోరెను. కేథరిను చక్రవర్తియైన ఐదవ చార్లెసునకు మేనత్త. 1527లో చార్లెసు సైన్యములు రోము నగరమును కొల్లగొట్టిన పిమ్మట పోపు ఆ చక్రవర్తికి వెఱచి, హెన్రీ కోర్కెను త్రోసిపుచ్చుటకును తీర్చుటకును చాలక కాలము గడపెను. హెన్రీ యోరిమి నశించెను. 1533లో యాన్ బొలీన్‌ను రాణిగా చేసికొనెను. 1534లో ఇంగ్లండు మతసంస్థకు తానే యధినేతనని శాసనము చేయించెను. ఆనాటితో అతడు ఖండమందలి కాథలిక్కు రాజ్యము లన్నింటికి పరాయివాడయ్యెను.

యాన్ బొలీన్‌కును దక్కినది కుమార్తెయే. ఆమె పేరు ఎలిజబెత్తు. 1536 జనవరిలో కేథరిను మరణించెను. ఆ మాసముననే రాజు బల్లెపు పోటీలో గుఱ్ఱముమీదనుండి పడి తీవ్రముగా గాయపడెను. అటుపిమ్మట కాలిపుండ్లు అతనిని జీవితాంతము బాధించినవి. మే నెలలో యాన్ శిరశ్ఛేదము జరిగెను. పిమ్మట వివాహమాడిన జేన్ సీమోరు 1537 అక్టోబరు 12న ఎడ్వర్డును కని, పండ్రెండు దినములకు తాను కన్నుమూసెను. కుమారుని ముఖము చూచుటకై దేశమతమును, పాతస్నేహములను, ఎందఱి ప్రాణములనో వెచ్చించిన ఆ తండ్రికి, ఇక నా శిశువు రాజ్యమును కాపాడుట యెట్లను చింత మిగిలెను.

ఆ చింతకు తగిన కారణము త్వరలోనే కలిగెను. అంతవఱకు హెన్రీకి రక్ష ఏమనగా, చక్రవర్తి చార్లెసును ఫ్రాన్సు రాజు ఫ్రాన్సిసును ఒండొరులతో పోరుచుండుటయే. 1538 జూన్‌లో పోపు మూడవ పాల్ మధ్యవర్తిత్వమున వారిరువురును నీస్ నగరమున పదియేండ్ల సంధి చేసికొనిరి. డిసెంబరులో పోపు హెన్రీని మతమునుండి వెలివేయు శాసనమును ప్రకటించెను. 1539 జనవరిలో టొలీడో నగరమున ఆ యిరువురు రాజులును, ఒకరినొకరు విడిచి హెన్రీతో పొత్తు పెట్టుకొనమని ఒడంబడిక చేసికొనిరి. వెలివేయబడిన రాజు, ఏకమైన శత్రువులు, నడుమ ఇఱుకైన సముద్రము. దండయాత్ర నేడో రేపో యని లండను నగరము కలవరపడెను.

ఈ కలవరములో హెన్రీ చేసిన పని అతని చరిత్రమునకు వన్నె తెచ్చునది. అంతకుముందు తీరరక్షణము ఆయా యూళ్లవారు, ఆయా ప్రభువులు చూచుకొనెడు పని. ఎవరి రేవునకు వారే బురుజు కట్టుకొనవలెను. హెన్రీ మొదటిసారిగా దేశతీరము నంతటిని ఒక్క చూపున చూచెను. మంత్రి థామస్ క్రామ్‌వెల్ పర్యవేక్షణమున ఉద్యోగులు తీరము వెంబడి తిరిగి, శత్రువులు దిగుటకు వీలైన తావుల నన్నింటిని పరిశీలించిరి. ఎత్తైన తావులలో మంటలు వేసి సందేశమందించుటకు ఏర్పాట్లు జరిగెను. అటుపై కెంటు మొదలు కార్న్‌వాల్ వఱకు, రేవులను, ఓడలు లంగరువేయు చోట్లను కాచుటకై రాజధనముతో కోటలు కట్టుటకు ఆజ్ఞ వెలువడెను. ఇంగ్లండు చరిత్రమున ఇంతటి విస్తారమైన తీరరక్షణ ప్రణాళిక రోమనుల తరువాత మఱియొకటి లేదని చరిత్రకారుల మతము.

కెంటు తీరమున డౌన్స్ అను లంగరుచోటు కలదు. దానిని కాచుటకు డీల్, వాల్మరు, శాండౌన్ అను మూడు కోటలు వరుసగా లేచెను. సోలెంటు జలసంధి పడమటి ద్వారమున హర్‌స్ట్, సౌతాంప్టను వాకిట కాల్‌షాట్, వైట్ ద్వీపమున కౌస్, డార్సెట్టు తీరమున పోర్ట్‌లండు, రై పట్టణము చేరువ కాంబరు, కార్న్‌వాల్ కొనయందు ఫాల్మత్ రేవునకు ఇరుప్రక్కల పెండెనిస్, సెయింట్ మాస్, ఇట్లు తీరమంతయు పాఱాకాండ్రు నిలిచినట్లు కోటలు నిలిచెను.

ఈ కోటల కట్టడమును గూర్చి కొంచెము చెప్పవలెను. మన కొండవీడు, ఉదయగిరి వంటి గిరిదుర్గములను చూచిన కన్నులకు ఇవి కోటలుగానే తోపవు. ఎత్తు లేదు, గోపురముల ఠీవి లేదు. తుపాకిమందు రాకతో ఎత్తైన గోడ బలము కాక లోపమయ్యెను. ఫిరంగి గుండునకు ఎంత యెత్తైన గోడ యంత సులభమైన గుఱి. కావున ఈ కోటలను పొట్టిగా, మిక్కిలి దళసరిగా కట్టిరి. గోడల పైయంచులను గుండ్రముగా తీర్చిరి. వచ్చిన గుండు జాఱిపోవలెనని తాత్పర్యము. నడుమ ఒక వర్తులాకార గోపురము, దానిని చుట్టి అర్ధచంద్రాకారపు బురుజులు, వెలుపల కందకము. డీల్ కోటలో నడిమి గోపురము చుట్టును ఆఱు బురుజులు, వానికి వెలుపల మఱియాఱు పెద్ద బురుజులు కలవు. పైనుండి చూచిన పూవు విచ్చినట్లుండును. ఫిరంగులను వరుసమీద వరుసగా నిలిపి, వాని గవాక్షములు వెలుపలకు విరివిగా విచ్చుకొనునట్లు చెక్కిరి. ఫిరంగిని ఇటునటు త్రిప్పి గుఱి చూచుటకు అది యనుకూలము. ప్రేల్చినపుడు పొగ సైనికులను ఉక్కిరిబిక్కిరి చేయకుండ గోడలలో పొగగొట్టములు నుంచిరి.

కాని గుండ్రని బురుజునకు ఒక లోపము కలదు. దాని ముందుభాగమున, ఇరుప్రక్కల బురుజులనుండి పేల్చిన గుండ్లు తగులని కొంత తావు మిగిలిపోవును. శత్రువు ఆ తావు చేరినచో అతనికి గోడయే గొడుగగును. ఇటలీ దేశపు శిల్పులు ఈ చిక్కును అప్పటికే కనిపెట్టి, గుండ్రని బురుజునకు మాఱుగా బాణపు మొనవంటి కోణపు బురుజును కల్పించిరి. దాని తిన్నని ముఖముల వెంబడి ప్రక్క బురుజు ఫిరంగులు ఊడ్చినట్లు కాల్పగలవు. హెన్రీ కొలువున మొరేవియా దేశస్థుడైన స్టీఫన్ వాన్ హాషెన్‌పెర్గ్ అను స్థపతి కాంబరు, శాండ్‌గేట్ కోటల పనిని నడపెను. ఐనను 1539 నాటి కోటలలో చాలవఱకు పాతపద్ధతి గుండ్రని రూపమే నిలిచెను. రాజు తన తప్పును తరువాత దిద్దుకొనెను.

ఇంత రాయి, ఇంత ధనము ఎక్కడనుండి వచ్చెను? ఈ ప్రశ్న నడుగక కోటలను పొగడుట పాక్షికమగును. 1536 మొదలు 1540 వఱకు హెన్రీ తన రాజ్యమందలి సుమారు 800 మఠములను మూయించి, వాని భూములను, వెండి బంగారములను, తుదకు పైకప్పుల సీసమును గూడ స్వాధీనము చేసికొనెను. బ్యూలీ మఠపు రాళ్లు, సీసము కాల్‌షాట్ కోటకు చేరెను. ఆ మఠములలో సోమరులును ఉండిరి, సాధువులును ఉండిరి. పేదలకు పట్టెడన్నము, రోగులకు మంచము, బాటసారులకు బస దొరకిన తావులు పెక్కు ఆ మఠములతో అంతరించెను. ఉత్తర దేశమున ప్రజలు 1536లో తిరుగబడిరి. వారి నాయకుడైన రాబర్టు ఆస్కు మఱుసటి యేట ఉరితీయబడెను. 1539 మొదలు రాజు మరణమువఱకు తీరదుర్గములపై సుమారు 3,76,000 పౌనులు వెచ్చమయ్యెను. ఆ కాలమునకు అది అపారమైన ధనరాశి. ఒకనాటి దేవసొత్తు అటుల ఫిరంగి వేదికలుగా మాఱెను.

కట్టినవారి కష్టమును గూడ మఱువరాదు. 1539 వేసవిలో డౌన్స్ కోటలకడ సుమారు 1,400 మంది పనిచేసిరి. దినకూలి అయిదు పెన్నీలు. జూన్‌లో డీల్‌కడ కూలీలు ఆఱు పెన్నీలు కావలెనని పని మానిరి. దండయాత్ర భయముతో వడివడిగా సాగుచున్న పని యది. అధికారులు వారి కోర్కె నాలకింపక నాయకులను చెఱసాలకు పంపిరి. ఒక్క పెన్నీ కొఱకు పని మానిన ఆ మనుష్యుల చేతులే, పదునెనిమిది నెలలు నిండకమున్నే, మూడు కోటలను నిలిపినవి. ఆ మూడింటికైన వ్యయము 27,000 పౌనులకు పైబడెను.

ఎదురుచూచిన దండయాత్ర 1539లో రాలేదు. చార్లెసునకును ఫ్రాన్సిసునకును మైత్రి సడలెను. 1539 డిసెంబరులో, క్రొత్తగా లేచుచున్న డీల్ కోటకడ, క్లీవ్స్ దేశపు రాజకుమార్తె యాన్ ఓడ దిగెను. శత్రువుల కొఱకు కట్టిన కోట ముందుగా పెండ్లికూతురికి ఆతిథ్యమిచ్చెను. ఆమెతో పొత్తు కుదిర్చినవాడు క్రామ్‌వెల్. ఆమె రాజునకు నచ్చలేదు. ఆఱు నెలలకే ఆ వివాహము రద్దయ్యెను. 1540 జూలై 28న క్రామ్‌వెల్ శిరస్సు నేలకూలెను. తీరమంతటను కోటల పని నడపిన అమాత్యుడు, ఆ కోటలలో నొక్కటి ఫిరంగి పేల్చకమున్నే, రాజు చేతనే నశించెను. రాజ్యాంగములలో ఒకదానిని కట్టుచు మఱియొకదానిని కూల్చుట హెన్రీ స్వభావము. ఆనాడే అతడు కేథరిను హోవర్డును పెండ్లాడెను. ఆమెయు 1542 ఫిబ్రవరిలో శిరశ్ఛేదము పాలయ్యెను. 1543లో కేథరిను పార్ కడపటి రాణిగా వచ్చెను.

ఆ నడుమ రాజకీయపు గాలి మఱల మాఱెను. చార్లెసును హెన్రీయు కలిసి ఫ్రాన్సుపై యుద్ధము ప్రకటించిరి. ఆ యుద్ధమునకు సన్నాహముగా 1544లో పోర్ట్స్‌మత్ వాకిట సౌత్‌సీ కోట వెలసెను. ఆ తావును ఏరుటలోనే కౌశలమున్నది. రేవులోనికి పోవు పెద్ద ఓడలకు వలసిన లోతైన కాలువ అక్కడ ఒడ్డునకు మిక్కిలి చేరువగా వంపు తిరుగును. ఎంతటి నౌకాదళమైనను ఆ కోట ఫిరంగుల యెదుటనుండియే సాగిపోవలెను. కోట నమూనా రాజు స్వయముగా కల్పించినదేయని ఆనాటి యుద్యోగులు తలంచిరి. నడుమ చదరపు గోపురము, ఉత్తర దక్షిణములందు కోణపు బురుజులు, తూర్పు పడమరలందు ఫిరంగి వేదికలు. గుండ్రని బురుజు ఇందు లేదు. అయిదేండ్లలో ఆ రాజు క్రొత్త పాఠము నేర్చెనన్నమాట. కోట ఆ సంవత్సరాంతమునకే ముగిసెను. వ్యయము సుమారు 3,100 పౌనులు.

1544 సెప్టెంబరు 14న బులోన్ పట్టణము హెన్రీకి లొంగెను. నాలుగు దినములకే చార్లెసు, హెన్రీతో చెప్పకయే, ఫ్రాన్సుతో సంధి చేసికొనెను. హెన్రీ మరల ఒంటరియయ్యెను. ఫ్రాన్సిసు బులోన్‌కు బదులు తీర్చుకొనదలచి, 1545 వేసవిలో 200కు పైగా నౌకలను సమకూర్చి, దన్నెబో అను సేనాని వశమున పోర్ట్స్‌మత్ పైకి పంపెను. ఆంగ్లేయుల నౌకలు సుమారు 80. ఆఱేండ్లుగా ఏ భయముతో కోటలు కట్టిరో ఆ భయము తెరచాపలెత్తి కనుల యెదుట నిలిచెను.

రాజు అప్పుడు పోర్ట్స్‌మత్ లోనే యుండెను. జూలై 19వ తేదీన అతడు సౌత్‌సీ కోటకడనుండి యుద్ధమును చూచుచుండెను. ఏబదినాలుగేండ్లు నిండినవి, దేహము స్థూలించెను, కాలిపుండ్లు నడువనీయవు. ఉదయమున గాలి లేదు. తెడ్లతో నడచు ఫ్రెంచి నావలు ముందునకు వచ్చి, కదలలేని ఆంగ్లనౌకలపై ఫిరంగులు పేల్చెను. పిమ్మట గాలి లేచెను. ఆంగ్లనౌకలు తెరచాపలు విప్పినవి. మేరీ రోజ్ తిరుగుచు ఒకప్రక్కకు ఒరిగెను. క్రింది వరుస ఫిరంగి గవాక్షములు తెఱచియుండుటచే నీరు వెల్లువగా లోపలికి దూకెను. కొన్ని నిమిషములలో ఓడ మునిగెను. శత్రువులు ఎక్కకుండ పైతట్టున కట్టిన వలయే లోపలివారికి ఉరియయ్యెను. నాలుగువందలకు పైబడిన జనములో నలువదిమంది యైనను దక్కలేదు. ఓడతోపాటు ఉపనౌకాధిపతి జార్జి కేరూ మునిగెను. అతని భార్య ఒడ్డున రాజు చెంతనే యుండి ఆ దృశ్యమును చూచెను. ముప్పదియైదేండ్ల క్రిందట యౌవనోత్సాహమున తాను కట్టించిన ఓడ, తాను కట్టించిన కోట యెదుట మునుగుట హెన్రీ కన్నులార కాంచెను. ఆ ప్రజలను కాచుటకు కోట ఫిరంగు లేమియు చేయలేకపోయెను.

ఐనను రేవు దక్కెను. ఫ్రెంచివారు ఆలోచన సల్పి, ఇఱుకైన కాలువ, ఆటుపోటులు, ఒడ్డునగల ఫిరంగులు చూచి, లోనికి చొచ్చుట మేలుకాదని నిశ్చయించిరి. వైట్ ద్వీపమున దిగి కొన్ని యూళ్లు తగులబెట్టిరి. ద్వీపవాసులు పోరాడి వారిని నిలువరించిరి. కొలది దినములలో ఆ మహానౌకాదళము వెనుదిరిగెను. దుర్గము శత్రువును చంపుటచేతనే కాదు, అడుగు ముందుకు వేయకుండ ఆలోచింపజేయుటచేతను సార్థకమగునని ఆ దినములు నిరూపించినవి. ద్వీపము దెబ్బతినిన పిమ్మట యార్మత్ నందు కట్టిన కోటకు బాణపు మొనవంటి బురుజు నమర్చిరి. ఇంగ్లండులో ఆ పద్ధతికి అదియే తొలి యుదాహరణము.

1546 జూన్‌లో ఫ్రాన్సుతో సంధి కుదిరెను. అప్పటికి బొక్కసము వట్టిపోయెను. మఠభూములు చాలభాగము అమ్ముడుపోయెను. యుద్ధవ్యయమునకై 1544 మొదలు వెండినాణెములలో రాగి కలిపించిరి. నాణెముపై వెండిపూత అరగినకొలది రాజుబొమ్మ ముక్కు ఎఱ్ఱబాఱెడిది. ప్రజలు అతనికి రాగిముక్కని మాఱుపేరు పెట్టిరి. ధరలు పెరిగెను, కూలివాని చేతి పెన్నీకి విలువ తగ్గెను. 1547 జనవరి 28న, ఏబదియైదేండ్ల ప్రాయమున, హెన్రీ లండనులో మరణించెను. విండ్సరు ప్రార్థనాలయమున జేన్ సీమోరు ప్రక్కనే అతనిని సమాధి చేసిరి.

ఎవరి కొఱకు ఇంత చేసెనో ఆ ఎడ్వర్డు 1553లో, పెదతండ్రి ఆర్థరువలెనే పదునైదేండ్ల ప్రాయమున, మృతినొందెను. ఒకనాడు తండ్రి వారసత్వము లేదని త్రోసివైచిన ఎలిజబెత్తే 1558లో రాణియై నలువదినాలుగేండ్లు పాలించెను. 1588లో స్పెయిను మహానౌకాదళము వచ్చినపుడు ఆమెకు అండగా నిలిచినవి తండ్రి పెంచిన నౌకాబలము, తండ్రి కట్టించిన రేవుకోటలు. కోరిన కుమారునికి కాక, కోరని కుమార్తెకు ఆ సంపద దక్కెను.

ఆ కోటల యుత్తరచరిత్రయు విచిత్రమైనది. విదేశీయులకై కట్టిన గోడలు స్వదేశీయుల పోరులకు సాక్షులయ్యెను. అంతర్యుద్ధమున, 1646లో, సెయింట్ మాస్ పోరులేకయే లొంగిపోయెను. సముద్రమువైపు బలముగా కట్టిన ఆ కోట వెనుకగల మెట్టనుండి వచ్చు శత్రువునకు నిలువజాలదు. ఎదుటి పెండెనిస్ మాత్రము అయిదు మాసములు ముట్టడి నోర్చెను. 1648 డిసెంబరులో బందీయైన మొదటి చార్లెసు రాజును హర్‌స్ట్ కోటలో నుంచిరి. మఱుసటి నెలలో అతని శిరస్సు ఖండింపబడెను. వాల్మరు కోటలో 1852లో వెల్లింగ్టను ప్రభువు కన్నుమూసెను. 1799లో శ్రీరంగపట్టణముపైకి నైజాము సేనలతో కలిసి నడచిన ఆర్థరు వెల్లెస్లీ యితడే.

సముద్రము తన తీర్పు తాను చెప్పెను. కాంబరు కోట యెదుట ఇసుక మేటవేయగా రేవే దూరమైపోయెను. కాచుటకు రేవు లేక 1637లో ఆ కోటను విడిచిపెట్టిరి. శాండౌన్ కోటను అలలు కోసివేయగా శిథిలములే మిగిలినవి. హర్‌స్ట్ కోటకు పందొమ్మిదవ శతాబ్దిలో చేర్చిన గోడలో కొంతభాగము 2021 ఫిబ్రవరిలో కెరటముల తాకిడికి కూలెను. మేరీ రోజ్ మాత్రము అడుగుబురదలో నాలుగు శతాబ్దములకు పైగా దాగియుండి, 1982 అక్టోబరు 11న పైకి తీయబడెను. ఇప్పుడది పోర్ట్స్‌మత్ లో తాను పుట్టిన గోదీల చెంతనే, ప్రదర్శనశాలయందున్నది. నావికుల దువ్వెనలు, చెప్పులు, చెక్కపళ్లెములు, వారి విండ్లు, ఓడలోని వైద్యుని మందులపెట్టె అందు చూడవచ్చును. రాజుల చరిత్రమున పేరులేని మనుష్యులు ఆ వస్తువులలో మిగిలియున్నారు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ పాఠము చెప్పునపుడు భార్యల జాబితాతో సరిపెట్టక, నల్లబల్లపై ఇంగ్లండు దక్షిణతీరపు రేఖ గీచి, డీల్ నుండి పెండెనిస్ వఱకు కోటలను చుక్కలతో గుర్తింపుడు. పిమ్మట విద్యార్థులను రెండు ప్రశ్నలడుగుడు. ఆ ముప్పు రాజు స్వయముగా కొనితెచ్చుకొన్నది కాదా? ముప్పు వచ్చిన పిమ్మట అతడు ప్రజలను కాచుకొన్నమాట నిజము కాదా? రెండింటికిని ఔననియే ఉత్తరము వచ్చును. ఆ రెండు ఔనులను ఒక్క మనుష్యునియందు కలిపి చూడగలిగిన బాలునికి చరిత్ర చదువుట వచ్చినదని మనము సంతోషింపవచ్చును.